మీ చేతులకు బీమా లేకుండా ఆరున్నర లక్షల అప్పా?

ప్రశ్న: మాది కావలి. నాకు 36 ఏళ్లు. పన్నెండేళ్లుగా కరెంటు, ప్లంబింగ్ పనులు చేస్తున్నాను. తలుపు గడియ నుంచి బోరు మోటారు దాకా ఇంట్లో ఏది చెడిపోయినా మా వీధుల్లో నన్నే పిలుస్తారు. ఖర్చులు పోను నెలకు 32,000 మిగులుతుంది. ఇంటికి 22,000 అవుతుంది. 2 లక్షల చీటీకి నెలకు 10,000 కడుతున్నా, 20 నెలల్లో 8 అయ్యాయి. బ్యాంకులో 40,000 ఉంది. చేసిన పనులకు రావలసింది ఇంకో 70,000 దాకా ఉంటుంది. రామాయపట్నం పోర్టు పనులతో మా వైపు ఇళ్లు లేస్తున్నాయి కాబట్టి ఇదే సమయమని షాపు తీద్దామనుకుంటున్నా. షాపు అడ్వాన్సు 80,000 (అద్దె నెలకు 8,000), పాత మినీ ట్రక్కు 3 లక్షలు, మిషన్లు 1,20,000, సరుకు 1,50,000. మొత్తం 6,50,000. ఇంట్లో ఉన్న తొమ్మిది సవర్ల బంగారం పెడితే నూటికి రూపాయి వడ్డీకి 4 లక్షలు వస్తాయి. మిగతా రెండున్నర లక్షలు తెలిసినాయన నూటికి మూడు రూపాయలకు ఇస్తానన్నారు. ఇద్దరు కుర్రాళ్లను చెరి 15,000 జీతానికి పెట్టుకుంటా. చీటీ పాడేసి మొదట్లో వడ్డీలు కట్టేస్తా. ఇన్సూరెన్స్ సంగతి వ్యాపారం కుదురుకున్నాక చూస్తా. నా ప్లాన్ సరైనదేనా?

జవాబు: కాదండీ. మీ పనితనం మీద నాకు అనుమానమేమీ లేదు. ఒకే ఊళ్లో పన్నెండేళ్లు నిలబడి, ఒక్క బోర్డు కూడా పెట్టకుండా నెలకు 32,000 మిగుల్చుకుంటున్న మనిషి వ్యాపారం పెంచుకోవాలనుకోవడం న్యాయమే. ఈ ఉత్తరాన్ని నేను ఎంచుకున్నది చివర్లో మీరు రాసిన ఆ ఒక్క మాట కోసం. ‘ఇన్సూరెన్స్ సంగతి కుదురుకున్నాక చూస్తా.’ చేతిపని చేసుకునేవాళ్లలో చాలామంది ఇదే వరసలో వెళతారు. ముందు అప్పు, తర్వాత షాపు, ఆ తర్వాత బండి. తనకేమైనా అయితే ఇంటి గతేమిటన్న ఆలోచన అన్నిటికంటే ఆఖరున వస్తుంది, కొందరికి అదీ ఆసుపత్రిలో వస్తుంది.

మీ లెక్కలో షాపుంది, ట్రక్కుంది, డ్రిల్లింగ్ మిషనుంది. సంపాదించే మీరు లేరు. ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర నిచ్చెన జారి కాలు విరిగిందనుకోండి. రెండు నెలలు మంచం మీదే. ఆ రెండు నెలలకు రెండు అప్పుల వడ్డీలు 23,000, షాపు అద్దె నెలకు 8,000 చొప్పున 16,000, చీటీకి 20,000, ఇంటికి 44,000. మొత్తం 1,03,000. ఇందులో కుర్రాళ్ల జీతాలు లేవు, మందుల ఖర్చు లేదు, అసలులో ఒక్క రూపాయి తీరలేదు. మీ దగ్గరున్నది 40,000. మొదటి నెల పూర్తికాకముందే మీరు ఇంకో అప్పు కోసం ఫోన్లు చేస్తుంటారు, అప్పుడు దొరికేది నూటికి మూడుకు కూడా కాదు.

కరెంటు పనిలో ఉన్న మీకు ప్రమాదం గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. వానలో తడిసిన బోర్డు, రొయ్యల చెరువు గట్టు మీద నీటికి గాలి పట్టించే ఎయిరేటర్ల వైర్లు, మెయిన్ ఆపామని ఇంటివాళ్లు చెబితే నమ్మి చెయ్యి పెట్టడం, ఇవన్నీ మీకు రోజూ ఉండేవే.

అందుకని ఈ వారం చేయాల్సిన పని షాపు చూడటం కాదు. మీ బ్యాంకుకు వెళ్లి ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందో లేదో అడగండి. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు, శాశ్వతంగా పాక్షిక వైకల్యం వస్తే లక్ష. జీవన జ్యోతి అనే జీవిత బీమా కూడా తీసుకోండి, ఏడాదికి 436. ఈ రెండూ ఉన్నాయి కదా అని చాలామంది అక్కడే ఆగిపోతారు, మీరు ఆగకండి. సురక్షా బీమా విరిగిన కాలుకు ఏమీ ఇవ్వదు. శాశ్వత నష్టం జరిగితేనే ఇస్తుంది. మీలాంటివాళ్ల ఇంటిని కుదిపేసేది ఎక్కువగా ఆరు వారాలో, మూడు నెలలో పని ఆగిపోవడం. దానికి విడిగా ఒక వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీ కావాలి, అందులో ‘టెంపరరీ టోటల్ డిజేబుల్‌మెంట్’ అనే భాగం తప్పకుండా ఉండాలి. పని చేయలేని కాలానికి వారానికి ఇంత అని ఇచ్చేది ఆ భాగమే. ఏజెంటు ‘అన్నీ ఉన్నాయి సార్’ అంటే ఒప్పుకోకండి, పాలసీ కాగితంలో ఆ లైను చూపించమనండి. వారానికి ఎంత, గరిష్ఠంగా ఎన్ని వారాలు అని కూడా అడగండి. ఇంకో ముఖ్యమైన మాట. వృత్తి దగ్గర ‘వ్యాపారం’ అని రాయనివ్వకండి. కరెంటు పని, ఎత్తుల మీద పని అని ఉన్నదున్నట్టు రాయించండి. ప్రీమియం కొంత పెరిగితే పెరగనివ్వండి. దాచితే క్లెయిము రోజున కంపెనీ పట్టుకునేది దాన్నే.

ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది కదా అంటారేమో. ఉండాలి, కార్డు సరిగా ఉందో లేదో చూసుకోండి. అది ఆసుపత్రి బిల్లు సంగతి చూస్తుంది. ఇంట్లో పొయ్యి వెలగడానికి దాన్ని నమ్ముకోలేం.

ఇక కుర్రాళ్ల సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. జీతానికి పెట్టుకున్న రోజునుంచి మీరు యజమాని. పనిలో వాళ్లకు ఏమైనా జరిగితే పరిహారం ఇవ్వాల్సింది మీరు. 1923 నాటి పరిహార చట్టంలో ఒక లెక్క ఉంది, ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లోకి వచ్చిందీ అదే. పనిలో ప్రాణం పోతే జీతంలో సగాన్ని వయసుకు తగ్గ ఒక సంఖ్యతో హెచ్చించాలి. 25 ఏళ్ల కుర్రాడికి నెలకు 15,000 ఇస్తున్నారనుకుంటే ఆ మొత్తం 16 లక్షలు దాటుతుంది. ‘మావాడే, మా వీధివాడే, కాగితాలేమీ లేవు’ అంటే ఆ బాధ్యత పోదు. ఆ ఇంటి ముందు మీరు నిలబడాల్సిన రోజు రాకూడదనే కోరుకుందాం, కానీ వస్తే ఉత్త చేతులతో నిలబడకూడదు. మనిషిని పెట్టుకున్న రోజే వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ తీసుకోండి. దాని ప్రీమియం కట్టే స్తోమత లేదంటే ఇంకా మనిషిని పెట్టుకునే స్తోమత రాలేదనే లెక్క. మీరూ, వాళ్లూ రాష్ట్ర భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోండి. ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు కూడా అందులోకి వస్తారు.

ఇప్పుడు ఆ నూటికి మూడు. దీన్ని నేను మెత్తగా చెప్పలేను. ఏడాదికి 36 శాతం అది. రెండున్నర లక్షలకు నెలకు 7,500 వడ్డీ, అసలు అలాగే ఉంటుంది. బంగారం మీద వడ్డీ 4,000, అద్దె 8,000, జీతాలు 30,000, బండికి డీజిలూ రిపేర్లూ ఓ 6,000. షాపు తెరిచిన నెలనుంచే 55,500 కావాలి. ఇంటి ఖర్చు, చీటీ కలిపితే 87,500. ఈ రోజు మీకు మిగిలేది 32,000. పోర్టు వస్తోంది, పని పెరుగుతుంది, నిజమే. మొదటి నెలలోనే రెండున్నర రెట్లు పైన పెరుగుతుందా? అదీ మన నెల్లూరు జిల్లాలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు ఎప్పుడు కురుస్తాయో, ఎప్పుడు వాయుగుండం లేస్తుందో తెలియని చోట? 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు తెగిపోయిన రోజులు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను రోజులు గుర్తు తెచ్చుకోండి. అలాంటప్పుడు వారాల తరబడి గోడ పని, బయటి పని ఉండదు. నీళ్లు తీశాక మునిగిన మోటార్లతో మీకు చేతినిండా పని వస్తుంది, డబ్బు మాత్రం జనం తేరుకున్నాకే వస్తుంది. వడ్డీకి ఇచ్చినాయన తుపాను చూసి ఆగడు.

ఇది కుదరక రేపు రోజువారీ ఫైనాన్సు వైపు చూస్తారేమో, అందుకని అదీ చెబుతాను. 9,000 చేతికిచ్చి వంద రోజులు రోజుకు వంద కట్టించుకుంటారు. వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తరిగిపోతూ ఉంటుంది కాబట్టి మీరు నిజంగా వాడుకున్నది సగటున నాలుగున్నర వేలే. ఏడాది లెక్కన అది 80 శాతం దరిదాపుల్లో పడుతుంది. యాప్ లోన్ల జోలికి వెళ్లనే వద్దు.

అప్పు కోసం ఊరంతా తిరిగే ముందు మీ సొంత డబ్బు 70,000 ఎక్కడుందో చూడండి. మీరు 36 శాతానికి అప్పు తెచ్చుకుంటూ, మీ డబ్బును వడ్డీ లేకుండా జనం దగ్గర ఉంచుతున్నారు. ఈ పనిలో మొహమాటం పెద్ద జబ్బు. పక్క వీధివాళ్లు, తెలిసిన టీచరుగారు, చెరువు రైతు, అందరూ ‘ఇస్తాంలే’ అనేవాళ్లే. చెరువుల మీద బాకీలు ముందు తెమల్చుకోండి. రొయ్యలు పట్టాక ఇస్తామంటారు, పట్టే రోజుకు ధర పడిపోతే మేత కొట్టుకు, లీజుకు, కూలీలకు పోయాకే మోటారు మెకానిక్ గుర్తొస్తాడు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు చూశాం కదా. ఇక మీదట మెటీరియల్ డబ్బు ముందే తీసుకోండి, లేదా ఇంటివాళ్లనే కొనుక్కురమ్మనండి. పని అయిన రోజే ఫోన్‌పేలో కూలి. రెండు వేలు దాటిన పనికి ఒక కాగితం రాసి సంతకం. వచ్చి చూసినందుకు కూడా కొంత ఛార్జీ పెట్టండి. మొదట్లో గొణుగుతారు, మంచి పనివాడిని వదులుకోరు.

ఆ బాకీలు వసూలైతే మీ 40,000తో కలిపి 1,10,000. అంటే ఇంటి ఖర్చుకు అయిదు నెలలు. ఇదే మీ అత్యవసర నిధి. ఆరు నెలలకు 1,32,000 కావాలి, అక్కడిదాకా చేర్చండి. దీన్ని రోజూ వాడే ఖాతాలో ఉంచవద్దు. వేరే బ్యాంకులో, మీ భార్య పేరు కూడా కలిపి, కొంత ఖాతాలో, మిగతాది డిపాజిట్లో పెట్టండి. పీవీసీ పైపుల ధర తగ్గిందని తీసి సరుకు కొనడానికి కాదు అది. చీటీని వడ్డీలు కట్టడానికి ఇప్పుడే తక్కువకు పాడుకోవద్దు. చివరిదాకా కట్టండి, అప్పటికి అది వ్యాపారానికి సొంత పెట్టుబడి అవుతుంది. ఆ చీటీ రిజిస్టరైన కంపెనీదా, వీధిలో నడిపేదా అన్నది మీరు రాయలేదు. వీధిదైతే ఇదే ఆఖరు చీటీ కావాలి.

షాపు మీద ఒక్క మాట. ట్రంకు రోడ్డులో ఎలక్ట్రికల్ షాపులవాళ్లు ఇప్పుడు మీకు పని పంపిస్తున్నారు కదా. మీరే సరుకు అమ్మడం మొదలుపెట్టిన రోజు వాళ్లకు పోటీ అవుతారు, ఆ ఫోన్లు ఆగిపోతాయి. ఏడాదిలో కుళాయిల మోడళ్లు మారిపోయి సగం సరుకు అరల్లో మిగులుతుంది. షాపు, సరుకు రెండూ కొట్టేయండి. ట్రక్కు కూడా. నెలలో బరువు సామాను మోయాల్సిన రోజులెన్నో రాసుకుని, ఆ రోజులకు ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. ఇద్దరికి నెల జీతం బదులు ఒక్కడిని పని ఉన్న రోజులకు కూలి మీద పెట్టుకోండి, పాలసీలో అతని పేరు పడేలా చూడండి. తీరిక లేక వదులుకున్న పనులను రెండు నెలలు డైరీలో రాయండి. రెండో మనిషి కావాలో వద్దో అదే చెబుతుంది. ప్రైవేటు స్కూళ్లు, హాస్టళ్లు, అపార్టుమెంట్లతో ఏడాదికింత అని మెయింటెనెన్సు ఒప్పుకుంటే వానాకాలంలో కూడా కొంత స్థిరంగా వస్తుంది.

మిగిలింది మిషన్లు. ఆ 1,20,000 వరకు అప్పు నాకు సమ్మతమే, అదీ నిధి నిండాక, పాలసీలు చేతికొచ్చాక. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, అది చేసుకుని బ్యాంకులో ముద్రా రుణం అడగండి, 50,000 దాటి 5 లక్షల లోపు కిశోర్ కిందకు వస్తుంది. 12 శాతానికి మూడేళ్లకైతే నెలకు 4,000 దగ్గర పడుతుంది, మీరు మోయగలిగిన బరువే. చేతివృత్తులవాళ్ల పథకం పీఎం విశ్వకర్మ మీకు వర్తించదు, అందులోని 18 వృత్తుల్లో కరెంటు, ప్లంబింగ్ లేవు. పిల్లలు చిన్నవాళ్లయితే మీరు పోతే ఇంటికి డబ్బిచ్చే టర్మ్ పాలసీ కూడా తీసుకోండి.

నూటికి మూడుకు ఇస్తానన్నాయనకు వద్దని ఇప్పుడే చెప్పేయండి, ఆ డబ్బు సిద్ధంగా ఉందన్న ధైర్యంతో షాపు అడ్వాన్సు ఇచ్చేయకముందే. సురక్షా బీమా ఏటా జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది. మే నెలాఖరున ఖాతాలో డబ్బు లేక ఆ 20 రూపాయలు కోత పడక పాలసీ ఆగిపోయినవాళ్లు ఉన్నారు. మీ ఖాతాలో ఎప్పుడూ ఓ వెయ్యి రూపాయలు ఉంచండి, డబ్బు కోసినట్టు మెసేజ్ వచ్చాక దాన్ని మీ భార్యకు కూడా పంపండి.