బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు రివాల్డో ఎన్ని దేశాల్లో ఆడాడు? అతని కెరీర్ ఎలా సాగింది?

బ్రెజిల్‌తో కలిపి ఆరు దేశాల్లో ఆడాడు. మిగతా ఐదు స్పెయిన్, ఇటలీ, గ్రీస్, ఉజ్బెకిస్తాన్, అంగోలా.

1972లో బ్రెజిల్‌లోని రెసిఫె నగరం పక్కనున్న పౌలిస్తాలో, పేద ఇంట్లో పుట్టాడు. టీనేజీలో ఉండగానే తండ్రి రోడ్డు ప్రమాదంలో పోయాడు. 1996లో స్పెయిన్ క్లబ్ డెపోర్టివోకి వెళ్లి, ఒక్క సీజన్‌లో 21 లీగ్ గోల్స్ కొట్టేసరికి బార్సిలోనా అతన్ని తీసుకుంది. 1999లో ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డు గెలిచాడు.

నన్నడిగితే అతని గొప్పతనం తెలియాలంటే 2001 జూన్ 17న వాలెన్సియాతో జరిగిన మ్యాచ్ చూడాలి. యూరప్ అగ్ర క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్‌కి అర్హత రావాలంటే బార్సిలోనా గెలిచి తీరాలి. స్కోరు 2-2. ఆట ముగుస్తుండగా బంతిని ఛాతీతో పైకి లేపి, గోల్‌పోస్టుకి వీపు పెట్టి, గాల్లోనే తిరగబడి కొట్టాడు. అది అతని మూడో గోల్. ఇప్పటికీ చూస్తే ఒళ్లు పులకరిస్తుంది.

2002 ప్రపంచకప్‌లో ఐదు గోల్స్ చేశాడు. ఫైనల్‌లో బ్రెజిల్ ఆటగాడు రొనాల్డో కొట్టిన రెండు గోల్స్‌లోనూ ఇతని పాత్ర ఉంది: ఒకటి ఇతని షాట్‌ని గోల్‌కీపర్ వదిలేస్తే వచ్చింది, రెండోదానికి బంతిని తాకకుండా కాళ్ల మధ్య నుంచి వదిలేశాడు.

బార్సిలోనా తర్వాత ఆడిన క్లబ్బుల్లో ఇటలీలో మిలాన్, గ్రీస్‌లో ఒలింపియాకోస్, ఉజ్బెకిస్తాన్‌లో తాష్కెంట్‌లోని బున్యోద్కోర్, అంగోలాలో కాబుస్కార్ప్ ఉన్నాయి. 2015లో, 43 ఏళ్ల వయసులో, బ్రెజిల్ క్లబ్ మోజి మిరిమ్ తరఫున కొడుకు రివాల్డిన్యోతో కలిసి ఆడాడు. ఒకే మ్యాచ్‌లో తండ్రీకొడుకులిద్దరూ గోల్స్ కొట్టారు.