పేరు సైబీరియన్, ఉండేది ఎస్టోనియాలో కూడా

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను మైక్రోబయాలజీ విద్యార్థినిని. పిడుదు కాటుతో వచ్చే మెదడువాపు వైరస్‌లో యూరోపియన్, సైబీరియన్, ఫార్ ఈస్టర్న్ అని మూడు ఉపరకాలు చెప్తున్నారు. వైరస్ ఒకటే కదా, జన్యువులు చూసి గీత ఎక్కడ గీస్తారు?

జవాబు: ముందు ఏ తేడాలు లెక్కలోకి వస్తాయో తేల్చుకోవాలమ్మా. ఈ వైరస్ జన్యు సమాచారమంతా దాదాపు 11,000 అక్షరాల ఆర్‌ఎన్‌ఏలో ఉంటుంది. అందులో ఎక్కువగా పోల్చి చూసేది పైపొర ప్రొటీన్ జన్యువును. ఆ ప్రొటీన్ 496 అమైనో ఆమ్లాల గొలుసు. దానిలో 206వ స్థానం దగ్గర ఆగండి. ఫార్ ఈస్టర్న్‌లో అక్కడ సెరిన్ ఉంటుంది, సైబీరియన్‌లో ల్యూసిన్, యూరోపియన్‌లో వ్యాలిన్.

ఆర్‌ఎన్‌ఏలో మూడేసి అక్షరాలు కలిసి ఒక అమైనో ఆమ్లాన్ని సూచిస్తాయి. ఇప్పుడు కాగితం మీద యూయూజీ అని రాయండి. అది ల్యూసిన్. మొదటి యూ తీసి సీ పెట్టండి, అదీ ల్యూసినే. జీ పెడితే మాత్రం వ్యాలిన్ అయిపోతుంది. రెండుసార్లూ మారింది ఒక్క అక్షరమే, కానీ మొదటి మార్పు ప్రొటీన్‌లో కనిపించదు. అందుకే అక్షరాల తేడా వేరు, అమైనో ఆమ్లాల తేడా వేరు. 1999లో వచ్చిన ఒక పోలికలో ఒకే ఉపరకం లోపల అమైనో ఆమ్లాల తేడా 2.2 శాతం దాటలేదు. ఉపరకాల మధ్య అది 3.6 నుంచి 5.6 శాతం దాకా వచ్చింది. నడుమ మిగిలిన ఆ ఖాళీలోనే గీత పడింది.

తర్వాత సైబీరియాలోని బైకాల్ సరస్సు వైపు దొరికిన స్ట్రెయిన్లు (వైరస్ వంశాలు), 2018లో టిబెట్ పీఠభూమి మార్మోట్లలో (ఉడుత జాతి జంతువుల్లో) దొరికిన హిమాలయన్ రకం కూడా ఈ జాబితాకు ప్రతిపాదనకొచ్చాయి. నా మట్టుకు, చిన్న జన్యు ముక్క చదివి కొత్త ఉపరకం అనడం ఒప్పుకోను. పూర్తి జన్యుక్రమం చదవాలి, వంశవృక్షంలో అది విడి కొమ్మగా నిలబడాలి.

పరీక్షల్లో చాలామంది పొరబడే చోటు ఇంకొకటుంది: పేరును చిరునామా అనుకోవడం. సైబీరియన్ ఉపరకం ఎస్టోనియా, లాత్వియా, ఫిన్లాండ్‌లలోనూ ఉంది. యూరోపియన్ రకం దక్షిణ కొరియాలో దొరికింది.

రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడో కూడా ఉపరకం ఒక్కటే చెప్పలేదు. యూరోపియన్ రకంలో మరణాలు 1–2 శాతం. ఫార్ ఈస్టర్న్‌లో 20 శాతం పైన అని రాస్తారు గానీ, తేలికపాటి కేసులు లెక్కకెక్కకపోతే ఆ అంకె పెరిగిపోతుంది. ఈ తేడాలున్నా, ఆస్ట్రియాలో దొరికిన యూరోపియన్ స్ట్రెయిన్‌తో చేసిన టీకా మూడు ఉపరకాలనూ అడ్డుకునే యాంటీబాడీలు పుట్టిస్తుంది.