ఐదు జాడీలకూ కలిపి ఒకే ధర ఒప్పుకోవద్దు

ప్రశ్న: మాది కాకినాడ. నాన్న ఎప్పుడో పోయారు, అమ్మ కిందటేడు పోయింది. ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఐదు ఊరగాయ జాడీలు దొరికాయి. నాలుగు పైన గోధుమరంగు, కింద తెలుపు. ఒకటి నడుమెత్తు నల్ల జాడీ, మెడ కింద నాలుగు చెవులున్నాయి. ముత్తాత 1942లో రంగూన్ నుంచి తెచ్చారని అమ్మ చెప్పేది. పాత సామాన్ల వ్యాపారి అన్నిటికీ కలిపి 40 వేలు ఇస్తానంటున్నాడు. న్యూజెర్సీలో ఉన్న అన్నయ్యేమో తను పట్టుకెళ్తే అక్కడ ఎక్కువ వస్తుందంటున్నాడు. జూన్‌లో అమ్మాయి ఫీజు 1.2 లక్షలు కట్టాలి. అమ్మేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ఐదింటికీ కలిపి ధర చెప్పేవాడి కన్ను సాధారణంగా ఒక్కదాని మీదే ఉంటుంది. మీ ఇంట్లో అది నల్ల జాడీ అనుకుంటున్నాను.

గోధుమ, తెలుపు జాడీలు ఫ్యాక్టరీలో లెక్కలేనన్ని తయారైనవి. అలాంటివి కొత్తవి ఇప్పటికీ బజార్లో దొరుకుతాయి కాబట్టి వాటికి పెద్ద ధర రాదు. చెవులున్న నల్ల జాడీ సంగతి వేరు. దక్షిణ చైనా, సయాం (ఇప్పటి థాయ్‌లాండ్), బర్మాల్లో కాల్చిన ఇలాంటి పెద్ద జాడీలు బర్మాలోని మర్తబాన్ రేవు నుంచి ఓడలెక్కేవి. హైదరాబాద్ ఉర్దూ ఇళ్లలో ఊరగాయ జాడీని మర్తబాన్ అనడం అందుకే. మనం అన్నిటినీ పింగాణీ అనేస్తాం గానీ ఇవి స్టోన్‌వేర్. సుమారు 1200 డిగ్రీల వేడిలో కాలి రాయిలా గట్టిపడతాయి, ఉప్పూ పులుపూ వాటినేమీ చేయలేవు.

అమ్మగారి మాటలో ఒక్క సంగతి సరిచూసుకోండి. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక మనవాళ్లు చాలామంది కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చారు. ఆ నడకలో నడుమెత్తు జాడీ మోసుకురావడం జరిగే పని కాదు. అంతకుముందే ఎప్పుడో ఓడలో వచ్చి ఉండొచ్చు. పాత ఉత్తరం గానీ, ఆ జాడీ కనిపించే పెళ్లి ఫొటో గానీ ఉంటే వెతికి పెట్టండి. కొనేవాళ్లు నోటిమాట కంటే అలాంటి కాగితానికి ఎక్కువ విలువిస్తారు.

ముందు పరీక్ష మీరే చేయండి. వేలి కణుపుతో మెల్లగా తట్టండి. ఖంగుమంటే మంచిదే, బొంగురుగా పలికితే ఎక్కడో జుట్టంత పగులుంది. లోపల టార్చి వేసి చూడండి, అంచు చుట్టూ వేలు తిప్పండి. అతికించిన చోట నునుపు మారుతుంది. అడుగున గ్లేజ్ (గాజులాంటి మెరుపు పూత) లేని భాగాన్నీ, ముద్ర ఉంటే దాన్నీ ఫొటో తీయండి. కడగాలనిపిస్తే మంచినీళ్లు చాలు. చింతపండు, స్టీలు పీచు దగ్గరికి రానివ్వొద్దు.

తర్వాత ఆ ఫొటోలు ఇద్దరు ముగ్గురు వేలం సంస్థలవాళ్లకు పంపండి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు పెట్టిన రేట్లు చూసి ఆశపడొద్దు, నిజంగా అమ్ముడైన ధరే లెక్క. కమీషన్, ప్యాకింగ్, రవాణా పోను చేతికెంతొస్తుందో రాతపూర్వకంగా అడగండి.

అన్నయ్య సూట్‌కేసు ఆలోచన మాత్రం మానుకోవాలి. నూరేళ్లు దాటిన ఇలాంటి పురావస్తువును సొంతంగా విదేశాలకు తీసుకెళ్లడం 1972 నాటి చట్టం ప్రకారం నేరం. వయసు తేలకపోతే, అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ సర్టిఫికెట్ ఇచ్చాకే కదిలించాలి. అమ్మగారు వీలునామా రాయకపోతే ఈ జాడీల్లో అన్నయ్యకూ సమాన వాటా ఉంది. అమ్మేముందు ఆయన ఒప్పుకోలు వాట్సాప్‌లో అయినా రాయించుకోండి. డబ్బు దగ్గర అన్నాచెల్లెళ్లు విడిపోవడం చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

పన్ను గురించి టెన్షన్ వద్దు. వారసత్వంగా వచ్చినందుకు పన్ను లేదు. ఇంట్లో వాడుకున్న సామాను అమ్మినా మూలధన లాభాల పన్ను పడదు. నల్ల జాడీ కళాఖండంగా అమ్ముడైతే మాత్రం లాభం మీద 12.5 శాతం, పైన సెస్. 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపుకోవచ్చు కాబట్టి విలువ కట్టే నిపుణుడి (వాల్యుయర్) దగ్గర రిపోర్టు తీసుకోండి. 2 లక్షలు, ఆపైన ఎంతైనా బ్యాంకు ద్వారానే తీసుకోవాలి, నగదు వద్దు.

ఫీజును ఈ జాడీలకు ముడిపెట్టకండి. వేలానికి నెలలు పడుతుంది, జూన్ ఆగదు. ఫీజు వాయిదాల్లో కడతామని కాలేజీని ఇప్పుడే అడగండి, కుదరకపోతే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద లోన్ చూడండి. మిగిలిన నాలుగు జాడీల్లో అమ్మగారు ఏటా ఆవకాయ పెట్టి వాసెన కట్టినది ఏదో మీకు గుర్తుంటుంది కదా, దాన్ని అమ్మకానికి పెట్టకండి.