మొలకెత్తిన ఎర్రగడ్డను కుండీలో నాటితే పెద్ద గడ్డ వస్తుందా?

రాదు, కాడలొస్తాయి, తర్వాత పూత వస్తుంది, పాత గడ్డ కరిగిపోతుంది. ఎర్రగడ్డ (ఉల్లిపాయ) రెండేళ్ల మొక్క. మొదటి ఏడు తిండి దాచుకుని గడ్డ కడుతుంది, రెండో ఏడు ఆ దాచుకున్నదంతా పూతకీ విత్తనానికీ ఖర్చు పెట్టేస్తుంది. వంటింటి బుట్టలో మొలకెత్తిన గడ్డ అప్పటికే రెండో ఏట అడుగుపెట్టినట్టే. మహా అయితే రెండు మూడు చిన్న పాయలుగా చీలుతుంది. కూరలోకి ఉల్లికాడలు చాలనుకుంటే మాత్రం నాటుకోవచ్చు.

గడ్డే కావాలంటే విత్తనంతో నారు పోయాలి. ఉదాహరణకు తిరుపతిలో మేడ మీద అక్టోబరులో నారు పోస్తే, నవంబరు వానలకు కుళ్లకుండా ట్రేని సన్‌షేడ్ కింద ఉంచి, ఆరేడు వారాలకు 10 సెంటీమీటర్ల ఎడంతో, లోతు లేకుండా నాటాలి. ప్యాకెట్ మీద రకం చూడండి. చలిదేశాల రకాలకు 14 గంటల పగలు కావాలి; తిరుపతిలో జూన్‌లోనూ 13 గంటలు దాటదు, కాబట్టి ఆకులే మిగులుతాయి.

కాడలు తొక్కితే గడ్డ ఊరుతుందనేది అపోహ. గడ్డకు తిండి వండేది ఆ ఆకులే. మెడ మెత్తబడి అవే వాలినప్పుడు నీళ్లు ఆపేస్తే చాలు.