చలికాలం దిగులుకు బైబిలు వాక్యం ఏం చెబుతుంది?

చలి మొదలై పొద్దు తొందరగా గూకుతుంటే మనసు దిగాలుపడుతోంది, విశ్వాసిగా సమాధానం (అంటే మనశ్శాంతి), కృతజ్ఞత ఎలా కలుగుతాయి అని అడిగారు.

బైబిల్లో అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4:6-7 చూడండి. చింత తీరాక స్తుతించమని పౌలు అనలేదు. విన్నపంలోనే కృతజ్ఞత కలపమన్నాడు, దేవుని సమాధానం మాట ఆ తర్వాతే వస్తుంది. అదీ సంకెళ్లలో ఉండి రాసిన మాట.

అలాగని చలిని పళ్ల బిగువున ఓర్చుకోనక్కర్లేదు. తిమోతికి రాసిన రెండో పత్రిక 4వ అధ్యాయంలో అదే పౌలు త్రోయ అనే ఊళ్లో కర్పు అనే అతని దగ్గర వదిలిన అంగీ తెమ్మంటాడు, చలికాలం రాకముందే వచ్చెయ్యమంటాడు. నాకు చాలా ఇష్టమైన చోటు ఇది. దుప్పటీ కావాలి, మనిషీ కావాలి. అడగడం అవిశ్వాసం కాదు.

మన సంఘాల్లో కోత పండుగ ఇందుకు మంచి అలవాటు. వరి కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోడిపుంజు బలిపీఠం ముందుకు వస్తాయి. ఆరాధన అయ్యాక వేలంపాట. కృతజ్ఞత అక్కడ చేతికి తగులుతుంది. పొలం లేకపోతే ఆ నెల జీతంలోంచి ఓ రగ్గు కొని బస్టాండులో పడుకునేవాళ్లకి ఇవ్వండి.

దిగులు వారాల తరబడి వదలకపోతే మాత్రం ప్రార్థనతో పాటు డాక్టరునూ కలవండి.