మూవరు బ్లేడుకు కొడవలి పదును

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక గ్రామం. ఇంటి ముందు రెండు గుంటల జాగాలో పెంచిన పచ్చికను పెట్రోలు మూవరుతో కత్తిరిస్తున్నాము. బ్లేడు మొద్దుబారితే గ్రైండింగు మిషను మీద రెండు వైపులా కొడవలిలాగా పదును పెట్టించాను. అప్పటినుంచి యంత్రం విపరీతంగా అదురుతోంది. గడ్డి కొనలు మళ్ళీ తెల్లబడుతున్నాయి. లోపం ఎక్కడున్నది?

జవాబు: మీరు రాసిన ‘కొడవలిలాగా’ అన్న మాటలోనే ఉన్నది. కొడవలిని చేత్తో లాగి కోస్తాము గనుక దానికి పలుచని అంచు కావాలి. మూవరు బ్లేడు నిమిషానికి సుమారు 3,000 సార్లు తిరుగుతూ ఆ వేగంతోనే గడ్డిని నరుకుతుంది గనుక, వంటింట్లో కొంచెం అరిగిన కత్తికుండే పదును దానికి చాలు. అంతకన్నా పలుచన చేస్తే, మీ చెల్క నేలలోని గరుకు ఇసుక, పలుగురాళ్ళు తగిలి అంచు త్వరగా మడతపడుతుంది. అప్పుడది గడ్డిని కోయకుండా చీలుస్తుంది, చీలిన కొనలు ఎండి తెల్లబడతాయి.

అంచు మీద నీలిరంగు తిరిగిందేమో కూడా చూడండి. గ్రైండరు రాపిడికి ఉక్కు సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కితే ఆ రంగు వస్తుంది, పాయనం (ఉక్కును కాల్చి చల్లార్చి తెచ్చిన గట్టితనం) పోయి అంచు మెత్తబడుతుంది. కొలిమి దగ్గర కూర్చున్నవారికి ఇది కొత్త సంగతి కాదు. నీలం తిరిగిన అంచుకు ఎంత సాన పట్టినా పదును నిలవదు గనుక కొత్త బ్లేడు కొనడమే మేలు. పగులు కనిపించిన బ్లేడును మాత్రం వెల్డింగు చేయించి వాడవద్దు. విరిగిన ముక్క తూటాలాగా దూసుకువస్తుంది.

ఇక అదురు సంగతి. ఒక కొన ఎక్కువగా అరిగి, రెండో కొన బరువుగా మిగిలిందని నా అనుమానం. గోడకు కొట్టిన మేకుకు బ్లేడు నడిమి రంధ్రాన్ని తగిలించి చూస్తే బరువైన కొన కిందికి వాలుతుంది; బ్లేడు అడ్డంగా నిలిచేదాకా ఆ కొననే ఆకురాయితో అరగదీయాలి. ఈ అదురును అలాగే వదిలేస్తే ఇంజను బేరింగులు దెబ్బతింటాయి.

ఈసారి పని ఇంట్లోనే చేసుకోవచ్చు. అన్నింటికన్నా ముందు స్పార్క్ ప్లగ్గు వైరును ఊడదీయండి. ఇంజను ఆగి ఉన్నదిగదా అని ఈ పనిని దాటవేయవద్దు. ఎయిర్ ఫిల్టరు పై వైపుకు ఉండేలా యంత్రాన్ని ఒరిగించకపోతే ఆయిలు దానిలోకి దిగుతుంది. బ్లేడు తిరగకుండా చెక్కముక్క అడ్డం పెట్టి బోల్టు విప్పి, ఏ వైపు వాలుగా చెక్కి ఉన్నదో ఆ వైపు మాత్రమే, ఉన్న వాలునే అనుసరించి (చాలావాటికి 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది), ఆకురాయిని ఒకే దిశలో తోయాలి. తిరిగి బిగించేటప్పుడు బ్లేడు కొనల్లో పైకి లేచిన రెక్కలు యంత్రం వైపుకే ఉండాలి. తలకిందులుగా బిగించి, గడ్డి తెగడం లేదని మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయేవారు ఎందరో.

పాతిక గంటల పనికి ఒకసారి పదును పెట్టాలన్నది మెత్తని నేలకు చెప్పే లెక్క. మీరు అంతకన్నా ముందే, వానకాలం మొదట్లో ఒకసారి, దసరా దాటాక ఒకసారి పెట్టుకోండి. పెద్ద వాన పడిన తరువాత రాళ్ళు పైకి తేలతాయి గనుక, వాటిని ఏరిన తరువాతే యంత్రాన్ని నడపండి.