కాలిన్ క్యాంప్‌బెల్ చెప్పిన తిండి: నాలుగేళ్ల అనుభవం

మాంసం, గుడ్లు, పాలు, పెరుగు అన్నీ మానేసి, అమెరికా పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ కాలిన్ క్యాంప్‌బెల్ చెప్పినట్టు తినడం మన తెలుగు ఇళ్లలో కుదిరే పనేనా, ఎవరైనా చేసి చూశారా అని అడిగారు. కుదురుతుంది. నేను నాలుగేళ్లుగా దాదాపు అలాగే తింటున్నాను. అయితే మొదటి ఆరు నెలలు పూర్తిగా తప్పుగా చేశాను. మీరు ఆ తప్పు చేయకూడదనే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లా. వేరుశనగ పండించే ఇల్లు, పాడి ఉన్న ఇల్లు. తెల్లవారుజామున అమ్మ ఎనుము పాలు పిండేటప్పుడు, అది చేపేదాకా దూడను పట్టుకుని నిలబడడం చిన్నప్పుడు నా పని. ఆ పాలు కేంద్రంలో పోసిన డబ్బుతోనే మా ఫీజులు కట్టారు. అందుకే పాలు మంచివి కావని ఎవరైనా అంటే నాకు కోపం వచ్చేది. పాడి సంగతి తెలియనివాళ్లే అలా అంటారని అనుకునేవాణ్ణి.

క్యాంప్‌బెల్ గురించి చదివాక ఆ మాట అనలేకపోయాను. ఆయన 1934లో పుట్టారు. అమెరికాలోని వర్జీనియాలో పాడి ఉన్న ఇంట్లో, ఆవుల పాలు పిండుతూ పెరిగారు. పశువుల డాక్టరు కావాలని చదువు మొదలుపెట్టి, తర్వాత కార్నెల్ యూనివర్సిటీలో పోషకాహార శాస్త్రం వైపు వచ్చారు. పాలు, మాంసం, గుడ్లు ఎంత ఎక్కువ తింటే జనం అంత ఆరోగ్యంగా ఉంటారని అప్పట్లో ఆయన నమ్మకం.

ఆ నమ్మకం మొదట కదిలింది ఫిలిప్పీన్స్‌లో. 1960ల చివర్లో అక్కడి పేద పిల్లల పోషణ కార్యక్రమంలో పనిచేశారు. పిల్లలకు ప్రోటీన్ అందించడానికి వేరుశనగ మంచి దారి అనుకున్నారు. కానీ వేరుశనగకు పట్టే బూజు నుంచి అఫ్లటాక్సిన్ అనే విషం వస్తుంది, అది కాలేయ క్యాన్సర్‌కు కారణం. వేరుశనగ వెన్న తయారుచేసే చోటికి వెళ్లి చూస్తే మంచి గింజలు ఏరి విడిగా సీసాల్లోకి పోతున్నాయి, బూజు పట్టినవీ ముడుచుకుపోయినవీ వెన్నలోకి పోతున్నాయి. ఇది చదువుతుంటే నాకు మా అమ్మే కళ్లముందు కనిపించింది. చేటలో గింజలు పోసుకుని, నల్లబడ్డవి, పుచ్చినవి ఒక్కొక్కటీ ఏరి పారేసేది. ఒక్క పుచ్చు గింజ పడినా ఊరుబిండి అంతా చేదెక్కిపోతుందనేది. ఇప్పటికీ వేరుశనగ కొన్నప్పుడు నేను అలా ఏరకుండా వాడను, మీరూ వాడకండి.

ఆ తర్వాతి మలుపు మన హైదరాబాద్‌లోనే ఉంది. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థలో మాధవన్, గోపాలన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలకు అఫ్లటాక్సిన్ ఇచ్చి, ఒక గుంపుకు 20 శాతం ప్రోటీన్ ఉన్న మేత, ఇంకో గుంపుకు 5 శాతమే ఉన్న మేత పెట్టారు. ఆ ప్రోటీన్ పాల నుంచి తీసిన కేసిన్. 20 శాతం తిన్న ఎలుకల కాలేయాల్లో క్యాన్సర్ మార్పులు వచ్చాయి, 5 శాతం తిన్నవాటికి రాలేదు. 1968లో ఈ పరిశోధన అచ్చయింది. దాన్ని చదివిన క్యాంప్‌బెల్ నమ్మలేక తన ల్యాబ్‌లో మళ్లీ చేయించారు, తర్వాత ఏళ్ల తరబడి అదే దారిలో సాగారు. కేసిన్ పాళ్లు పెంచితే ఆ మార్పులు పెరిగాయి, తగ్గిస్తే తగ్గాయి. గోధుమ ప్రోటీన్, సోయా ప్రోటీన్ 20 శాతం పెట్టినా అలా జరగలేదు. నేను తార్నాక మీదుగానే ఆఫీసుకు వెళ్తాను. ఆ గేటు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఈ కథ గుర్తొస్తుంది.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఆ ఎలుకలు తిన్నది విడిగా తీసిన కేసిన్, మన ఇంటి మజ్జిగ కాదు. పైగా వాటికి గట్టి మోతాదులో విషం ఇచ్చారు. ప్రోటీన్ తక్కువ తిన్న ఎలుకలకు ఆ విషం వల్ల వేరే రకంగా కాలేయం ఎక్కువ దెబ్బతింటుందని కూడా అదే శాస్త్రవేత్తలు గమనించారు. ప్రోటీన్‌లో ఒక భాగమైన లైసిన్ గోధుమలో తక్కువ, దాన్ని విడిగా కలిపి పెడితే అదీ కేసిన్‌లాగే పనిచేసిందని క్యాంప్‌బెల్ బృందమే తర్వాత చూపించింది. కాబట్టి పెరుగు తింటే క్యాన్సర్ వస్తుందని ఈ ప్రయోగం చూపి ఎవరైనా భయపెడితే నమ్మకండి. గోపాలన్ గారైతే జీవితమంతా మన పిల్లల ఆకలి మీద, పోషణ లోపం మీద పనిచేసిన మనిషి.

నన్ను మార్చింది ఎలుకలు కాదు, చైనా సర్వే. 1983లో అక్కడి 65 కౌంటీల్లో 6,500 మంది పెద్దవాళ్ల రక్తం, తిండి, అలవాట్లు పరిశీలించారు. క్యాంప్‌బెల్‌తో పాటు చైనా శాస్త్రవేత్త చెన్ జున్షీ, ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రిచర్డ్ పీటో అందులో ముఖ్యులు. ఎక్కువగా ధాన్యం, కూరగాయలు తినే ఆ పల్లెజనం సగటు కొలెస్ట్రాల్ 127. అప్పటికి నా కొలెస్ట్రాల్ 246. ఇలాంటి సర్వేల్లో రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం, ఈ విమర్శ న్యాయమైనదే. జంతువుల నుంచి వచ్చే తిండే పెద్ద జబ్బులకు మూలమని క్యాంప్‌బెల్ చివరికి చెప్పినంత పెద్ద తీర్పు ఆ లెక్కల నుంచి వస్తుందని నేనూ అనుకోను. కానీ ఆ రెండు అంకెల మధ్య తేడా చూసి ఊరుకోలేకపోయాను.

నాకప్పుడు 44 ఏళ్లు. చెడు కొలెస్ట్రాల్ 168, మూడు నెలల షుగర్ సగటు 6.3. మాంసం, పాలు ఒకేసారి మానేశాను. వాటి బదులు ఏం తిన్నానంటే తెల్లన్నం ఇంకో రెండు గరిటెలు, ఆలుగడ్డ వేపుడు, పచ్చడి, సాయంత్రం పునుగులు, పాలు లేని టీలో రెండు చెంచాల చక్కెర. అన్నీ శాకాహారమే కదా అనుకున్నాను. ఆరు నెలల తర్వాత టెస్టు చేయిస్తే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 240 దాటింది, షుగర్ అలాగే ఉంది. అంతకంటే ఘోరం, అరికాళ్లలో చీమలు పాకినట్టు తిమ్మిర్లు మొదలయ్యాయి. ఒక డాక్టరు వయసు ప్రభావం అని పంపేశారు. రెండో డాక్టరు బి12 టెస్టు రాశారు, 140 వచ్చింది. ఇంజెక్షన్లు చేయించుకుంటే తిమ్మిర్లు తగ్గడానికి రెండు నెలలు పట్టింది. బి12 మొక్కల తిండిలో నమ్మదగ్గంత దొరకదు. ఏళ్ల తరబడి జంతువుల తిండి మానేసినవాళ్లు బి12 మాత్ర గురించి ఆలోచించాలని క్యాంప్‌బెల్ తన ‘ది చైనా స్టడీ’ పుస్తకంలోనే రాశారు. నేను ఆ పేజీ తేలిగ్గా తీసుకున్నాను.

అప్పుడు మళ్లీ మొదటినుంచి చదివాను. ఆయన తనను వీగన్ (పాలు కూడా ముట్టని శాకాహారి) అని చెప్పుకోరు. ఆయన చెప్పేది మొక్కల తిండి, అదీ పొట్టూ పీచూ పోగొట్టకుండా తినే తిండి. పాలిష్ బియ్యం, మైదా, చక్కెర, నూనె అందులోకి రావు. మనం శాకాహారం అనే మాటతో తృప్తిపడి ఈ సగాన్ని వదిలేస్తాం. నాకు అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది ఇదే.

మన దగ్గర ఆ తిండికి కొరత లేదు. మా ఇంట్లో ఇప్పుడు ఉదయం రాగి సంగటి, ఆకుకూర పప్పు. మధ్యాహ్నం కొర్రన్నం లేదా దంపుడు బియ్యం, రెండు కూరలు, ఒకటి తప్పకుండా ఆకుకూర. రాత్రి జొన్నరొట్టె, అలసందలు గానీ ఉలవలు గానీ ఉడికించిన కూర. ఇందాక చెప్పిన లైసిన్ ధాన్యంలో తక్కువ, పప్పులో పుష్కలం. సంగటి, పప్పు కలిపి తినే మనిషికి ప్రోటీన్ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. నలుగురికి నెలకు ఐదు లీటర్లు అయ్యే నూనె ఒకటిన్నర లీటరుకు వచ్చింది. తాలింపు పూర్తిగా మానలేదు, ఒక చెంచాతో సరిపెడతాం. ఎనిమిది నెలలకు చెడు కొలెస్ట్రాల్ 121, షుగర్ 5.8కి వచ్చాయి. రోజూ నలభై నిమిషాలు నడిచాను కూడా, ఘనత అంతా తిండికే ఇవ్వను.

అన్నింటికంటే కష్టమైనది అమ్మ ముందు పెరుగు వద్దనడం. మొదటిసారి ఊరెళ్లినప్పుడు గిన్నె తెచ్చి విస్తరి పక్కన పెట్టింది. వద్దంటే, "మన ఎనుము పాలు తాగి ఎవురికి ఏమయింది నాయనా?" అంది. ఆమె గొంతులో కోపం లేదు, అదే నన్ను బాధపెట్టింది. రాత్రంతా ఆలోచించి, పొద్దున రిపోర్టులు ఆమె పక్కన కూర్చుని చదివి వినిపించాను. నాన్న గుండెపోటుతో పోయారు కాబట్టి వెంటనే అర్థం చేసుకుంది. ఇప్పుడు ఊరికి వెళ్తే వేరుశనగలు నానబెట్టి రుబ్బి, ఆ పాలు పులియబెట్టి పెరుగులా చేసి పెడుతుంది. ఏడాదికి రెండు మూడుసార్లు ఆమె చేతి మజ్జిగ మాత్రం ఒక గ్లాసు తాగుతాను. దానికి నాకు పశ్చాత్తాపం లేదు.

మీరు మొదలుపెట్టే ముందు బి12, విటమిన్ డి, షుగర్, కొలెస్ట్రాల్ టెస్టులు చేయించుకోండి. షుగర్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పకుండా తిండి మార్చొద్దు, షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు ఉంటే వాళ్ల తిండి మీ ఉత్సాహంతో మార్చకండి. మా పిల్లలు ఇప్పటికీ పెరుగు, గుడ్డు తింటారు. మొదటి నెలలోనే పాలు మానే ప్రయత్నం చేయకండి, ముందు తెల్లన్నం సగానికి తగ్గించి ఆ చోట పప్పూ ఆకుకూరా పెంచండి. మీ రిపోర్టు అంకెలు ఇక్కడ రాస్తే నాకు తెలిసినంతలో చెబుతాను.